టెక్సాస్‌లో ఇంటికి కరెంటు ప్లాన్ ఎలా ఎంచుకోవాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

డల్లాస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో ఊళ్లకు ఏటా కొత్తగా ఎన్నో తెలుగు కుటుంబాలు వస్తుంటాయి. లీజు మీద సంతకం పెట్టగానే అపార్ట్‌మెంట్ ఆఫీసువాళ్లు "కరెంటు మీ పేరు మీద పెట్టించుకుని అకౌంట్ నంబరు తెచ్చివ్వండి, తాళాలిస్తాం" అంటారు. హైదరాబాద్‌లోనో గుంటూరులోనో ఇల్లు మారినప్పుడు ఎవరి కరెంటు తీసుకోవాలన్న ఆలోచనే రాదు కదా. ఇక్కడ మాత్రం పిన్‌కోడ్ లాంటి జిప్ కోడ్ కొడితే పదుల కంపెనీలు, వందకు పైగా ప్లాన్లు వరసకడతాయి. తెలిసినవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలను ఒకచోట రాసిపెడుతున్నాను. ఐదో ప్రశ్న దగ్గర కాసేపు ఆగి చదవండి. డబ్బు పోయేదీ మిగిలేదీ అక్కడే.

1. కరెంటు కంపెనీని మనమే ఎంచుకోవడమేమిటి?

టెక్సాస్ శాసనసభ 1999లో సెనేట్ బిల్లు 7 అనే చట్టం చేసింది. 2002 జనవరి 1 నుంచి రాష్ట్రంలో చాలా ప్రాంతాల్లో ఇళ్లకు కరెంటు అమ్మే పని పోటీకి తెరిచారు. అదే 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు కూడా జెన్‌కోగా, ట్రాన్స్‌కోగా విడిపోయింది. ఆ తర్వాత డిస్కంలు వచ్చాయి. అయితే మన దగ్గర ఒక ప్రాంతానికి ఒకటే డిస్కం, రేటు తేల్చేది విద్యుత్ నియంత్రణ మండలి. టెక్సాస్ ఇంకో అడుగు ముందుకేసి తీగలనూ అమ్మకాన్నీ విడదీసింది.

ఇక్కడ మీకు ముగ్గురితో సంబంధం ఉంటుంది. కరెంటు తయారుచేసే ప్లాంట్లు ఒకరు. స్తంభాలు, తీగలు, మీటరు చూసుకునే డెలివరీ కంపెనీ మరొకరు: డల్లాస్, ఫోర్ట్ వర్త్ వైపు ఆంకర్, హ్యూస్టన్‌లో సెంటర్‌పాయింట్, కోర్పస్ క్రిస్టీ వైపు ఏఈపీ టెక్సాస్. మూడోవాళ్లు మీకు కరెంటు అమ్మి బిల్లు పంపే రిటైల్ కంపెనీలు: టీఎక్స్‌యూ, రిలయంట్, గెక్సా, గ్రీన్ మౌంటెన్, ఇంకా బోలెడు. మీరు ఎంచుకునేది ఈ మూడోవాళ్లను మాత్రమే. గ్రిడ్ మొత్తాన్ని నడిపేది ఎర్కాట్, రిటైల్ కంపెనీల మీద పెద్దరికం పబ్లిక్ యుటిలిటీ కమిషన్‌ది.

2. చవక కంపెనీ తీసుకుంటే కరెంటు ఎక్కువసార్లు పోతుందా?

పోదు. ఎవరి దగ్గర కొన్నా మీ ఇంటికి వచ్చేది అదే తీగలో, అదే కరెంటు. పక్కింటివాళ్లు మీకంటే రెట్టింపు రేటు కడుతున్నా ట్రాన్స్‌ఫార్మర్ పేలితే ఇద్దరి ఇళ్లూ చీకటే. 2024 జూలైలో బెరిల్ తుపాను హ్యూస్టన్‌ను తాకినప్పుడు సెంటర్‌పాయింట్ పరిధిలో 22 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. ఎవరు ఏ ప్లాన్‌లో ఉన్నారన్న దానితో దానికి పనే లేదు.

అందుకే కరెంటు పోతే రిటైల్ కంపెనీకి కాదు, డెలివరీ కంపెనీకి ఫోన్ చేయాలి. వాళ్ల నంబరు బిల్లు మీదే ఉంటుంది. ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి, చీకట్లో బిల్లు వెతుక్కోవడం కష్టం.

3. టెక్సాస్‌లో ఎక్కడున్నా ఇలా ఎంచుకోవచ్చా?

లేదు. ఇక్కడే చాలామంది పొరపడతారు. ఆస్టిన్‌లో ఆస్టిన్ ఎనర్జీ, శాన్ ఆంటోనియోలో సీపీఎస్ ఎనర్జీ నగరపాలక సంస్థలవి, అక్కడ ఎంపిక ఉండదు. గార్లాండ్‌కు, డెంటన్‌కు సొంత మున్సిపల్ కరెంటు ఉంది. కోఆపరేటివ్‌ల పరిధిలోనూ అంతే. ఎల్ పాసో అసలు ఎర్కాట్ గ్రిడ్‌లోనే లేదు. లబ్బక్ మాత్రం 2024లో పోటీలోకి వచ్చింది.

మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో, లిటిల్ ఎల్మ్, ప్రాస్పర్ వైపు పరిస్థితి వేరు. ఒక కాలనీకి కోసర్వ్ అనే కోఆపరేటివ్ కరెంటు ఇస్తుంటే దగ్గర్లోనే మరో కాలనీ ఆంకర్ పరిధిలో ఉంటుంది. ఊరి పేరు చూసి నిర్ణయించుకోకండి. ఇల్లు కొనబోయే ముందు ఆ చిరునామా ఎవరి పరిధిలోదో బిల్డర్‌ను అడగండి. కోసర్వ్ అని చెబితే ఈ వ్యాసంలో మీకు పనికొచ్చేది తక్కువే, రేటు వెతికే శ్రమా ఉండదు.

4. ఫిక్స్‌డ్, వేరియబుల్: ఏది తీసుకోవాలి?

ఫిక్స్‌డ్. ఇందులో నాకు రెండో మాట లేదు.

ఫిక్స్‌డ్ ప్లాన్‌లో ఒప్పందం ఉన్నన్నాళ్లూ యూనిట్ రేటు మారదు. ఇక్కడ కిలోవాట్-అవర్ అని రాసేదే మన యూనిట్. వేరియబుల్‌లో కంపెనీ నెలనెలా రేటు మార్చుకోవచ్చు. ఒకప్పుడు మూడోది కూడా ఉండేది: టోకు మార్కెట్ ధరకే ఇంటికి కరెంటు ఇచ్చే ప్లాన్. మామూలు రోజుల్లో అది చవకే. 2021 ఫిబ్రవరిలో యూరీ మంచు తుపాను వచ్చి ప్లాంట్లు, గ్యాస్ పైపులు గడ్డకట్టినప్పుడు టోకు ధర పరిమితి అంచుకు చేరింది. మెగావాట్-అవర్‌కు 9,000 డాలర్లు, అంటే యూనిట్‌కు 9 డాలర్లు. గ్రిడ్డీ అనే కంపెనీ ఖాతాదారుల్లో కొందరికి కొద్దిరోజుల కరెంటుకే వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. ఆ తుపానులో 246 మంది చనిపోయారని రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క తేల్చింది. ఆ ఏడాదే చట్టం చేసి ఇళ్లకు టోకు ధర ప్లాన్లు అమ్మకుండా ఆపేశారు.

ఒక్క చిన్న మెలిక. ఫిక్స్‌డ్ అన్నా కూడా బిల్లులో డెలివరీ కంపెనీ వాటా మారుతుంది, సాధారణంగా మార్చిలో, సెప్టెంబరులో. ఆ వాటా ఏ రిటైల్ కంపెనీకి వెళ్లినా ఒకటే. కాబట్టి దాని గురించి కంపెనీతో వాదించి లాభం లేదు.

5. వెబ్‌సైట్‌లో 11 సెంట్లు అని చూసి తీసుకున్నాం. బిల్లు లెక్కేస్తే 18 పడుతోంది. మోసమా?

చట్టం ప్రకారం మోసం కాదు. ప్రతి ప్లాన్‌కూ ఉండే వివరాల కాగితం, అంటే ఫ్యాక్ట్స్ లేబుల్‌లో రాసే ఉంటుంది. కానీ ఇంత చదువుకున్నవాళ్లు కూడా పడిపోయేలా ఆ ప్లాన్లను తయారుచేయడం నాకు మంచిగా అనిపించదు.

కమిషన్ నడిపే పవర్ టు చూజ్ వెబ్‌సైట్‌లో ధర కనిపించేది 1,000 యూనిట్ల వాడకం దగ్గర. కంపెనీలకు ఆ సంగతి తెలుసు. సరిగ్గా ఆ 1,000 దగ్గర మాత్రమే చవకగా కనబడేలా "1,000 యూనిట్లు చేరితే 100 డాలర్ల క్రెడిట్" అంటూ ప్లాన్ అల్లుతారు.

ఒక ఉదాహరణ వేసి చూపిస్తాను. లెక్క తేలిగ్గా ఉండేందుకు డెలివరీ ఖర్చును నెలకు 4.50 డాలర్లు, దానిపైన యూనిట్‌కు 5 సెంట్లు అనుకుందాం.

క్రెడిట్ ప్లాన్: యూనిట్‌కు 16 సెంట్లు, 1,000 యూనిట్లు చేరితే 100 డాలర్లు తగ్గింపు.
సాదా ప్లాన్: యూనిట్‌కు 9.5 సెంట్లు, ఏ క్రెడిట్లూ లేవు.

సరిగ్గా 1,000 యూనిట్లకు క్రెడిట్ ప్లాన్ బిల్లు 114.50 డాలర్లు, అంటే యూనిట్ 11.45 సెంట్లు. సాదా ప్లాన్ 149.50 డాలర్లు, అంటే 14.95 సెంట్లు. వెబ్‌సైట్‌లో మొదటిది పైన ఉంటుంది, రెండోది ఎక్కడో కింద.

ఇప్పుడు ఆ నెలలో మీరు 990 యూనిట్లే వాడారనుకోండి. క్రెడిట్ ప్లాన్ బిల్లు 212.40 డాలర్లు! పది యూనిట్లు పొదుపు చేసినందుకు దాదాపు 98 డాలర్లు అదనం.

రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో ఏడాది వాడకం ఇలా ఉంటుందనుకుందాం: జనవరి 850, ఫిబ్రవరి 800, మార్చి 600, ఏప్రిల్ 550, మే 800, జూన్ 1,150, జూలై 1,400, ఆగస్టు 1,450, సెప్టెంబరు 1,100, అక్టోబరు 700, నవంబరు 600, డిసెంబరు 800. మొత్తం 10,800 యూనిట్లు. 1,000 దాటినవి నాలుగు నెలలే. కాబట్టి క్రెడిట్ నాలుగుసార్లే వస్తుంది. ఏడాదికి క్రెడిట్ ప్లాన్‌లో 1,922 డాలర్లు అవుతాయి, సాదా ప్లాన్‌లో 1,620. చవకగా కనబడ్డదానికి 302 డాలర్లు ఎక్కువ కట్టాం.

పెద్ద ఇల్లు, నెలకు 2,000 యూనిట్లు దాటుతాయి, మాకు క్రెడిట్ ఎప్పుడూ వస్తుంది అంటారా? ఈ ఉదాహరణలో నెల వాడకం 1,000కీ 1,538కీ మధ్య ఉన్నప్పుడే క్రెడిట్ ప్లాన్ గెలుస్తుంది. అది దాటితే 16 సెంట్ల రేటు ఆ వందనూ మింగేస్తుంది. 2,000 యూనిట్ల దగ్గర క్రెడిట్ పోను 324.50 కట్టాలి, సాదా ప్లాన్‌లో 294.50 చాలు.

మన ఊళ్లో శ్లాబులు ఉంటాయి. తక్కువ వాడితే తక్కువ రేటు, ఎక్కువ వాడేకొద్దీ రేటు పెరుగుతుంది. లైటు ఆర్పమని నాన్న అరిచిన అరుపులకు అక్కడ అర్థం ఉంది. ఈ క్రెడిట్ ప్లాన్లలో ఆ అలవాటు తిరగబడుతుంది. నేను వచ్చిన మొదటి ఏడాది సెప్టెంబరులో మా ఇంటి వాడకం 987 యూనిట్లు. పదమూడు తక్కువైనందుకు క్రెడిట్ రాలేదు. కంపెనీకి ఫోన్ చేస్తే ఒప్పందంలోని ఆ వాక్యం చదివి వినిపించారు. ఆ రోజు నుంచి ఏ ప్లాన్ చూసినా ముందు 12 నెలల లెక్క వేస్తున్నాను.

6. ఆ లెక్క వేయడానికి ఏం కావాలి?

రెండే. ప్లాన్ తాలూకు ఫ్యాక్ట్స్ లేబుల్, మీ ఇంటి 12 నెలల వాడకం.

ఫ్యాక్ట్స్ లేబుల్ ఒకటి రెండు పేజీల కాగితం, ప్రతి ప్లాన్‌కూ ఉండి తీరాలి. పైన 500, 1,000, 2,000 యూనిట్లకు సగటు ధర ఉంటుంది. ఈ మూడు అంకెలూ దగ్గరదగ్గరగా ఉంటే అది సాదా ప్లాన్. 22, 11, 16 అన్నట్టు ఎగిరి దూకితే లోపల ఏదో క్రెడిట్ ఉందని అర్థం. దాని కింద ఎనర్జీ ఛార్జి, నెలవారీ బేస్ ఛార్జి, డెలివరీ ఛార్జి, క్రెడిట్ షరతులు విడివిడిగా ఉంటాయి. ఒప్పందం మధ్యలో వదిలేస్తే కట్టే క్యాన్సిలేషన్ ఫీజు, ఒప్పంద కాలం కూడా అందులోనే.

వాడకం సంగతి: స్మార్ట్ మీటర్ టెక్సాస్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఖాతా తెరవచ్చు. మీ ఈఎస్ఐ నంబరు (ఇంటి కరెంటు కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య), మీటరు నంబరు బిల్లు మీద ఉంటాయి. 15 నిమిషాలకోసారి ఎంత వాడారో కూడా కనబడుతుంది. కొత్తగా దిగినవాళ్లకు పాత లెక్కలు ఉండవు కాబట్టి అదే కాంప్లెక్స్‌లో, అంతే సైజు ఇంట్లో ఉండేవాళ్లను అడగండి. మనవాళ్లు ఎవరో ఒకరు ఉండకపోరు. పై అంతస్తుకు ఏసీ ఎక్కువ తింటుంది, పొయ్యి, గీజరు గ్యాసువా కరెంటువా అన్నదానితో కూడా అంకె చాలా మారుతుంది. అవి కనుక్కుని అడగండి.

పవర్ టు చూజ్‌లో కనీస వాడకం షరతులున్న ప్లాన్లను తీసేసే ఫిల్టర్ ఉంది. అది పెడితే జాబితా సగం శుభ్రపడుతుంది.

7. రాత్రిళ్లు కరెంటు ఫ్రీ అంటున్నారు, లాభమేనా?

పగటి రేటు చూడండి. రాత్రి పోయినదాన్ని పగలు రాబడతారు. టెక్సాస్ వేసవిలో ఏసీ మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి ఎనిమిది దాకా గట్టిగా నడుస్తుంది. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు, చిన్నపిల్లలున్నవాళ్లు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి పగలంతా ఇంట్లో ఉండేవాళ్లు దీని జోలికి పోవద్దు. ఎలక్ట్రిక్ కారు రాత్రిపూట ఇంట్లో ఛార్జింగ్ పెట్టేవాళ్లు మాత్రం ఒకసారి లెక్క వేసి చూడవచ్చు. మీ 15 నిమిషాల లెక్కల్లో రాత్రి వాటా ఎంతో తేలుతుంది, ఊహించుకోనక్కర్లేదు.

8. క్రెడిట్ హిస్టరీ లేదు, సోషల్ సెక్యూరిటీ నంబరు ఇంకా రాలేదు. డిపాజిట్ అడుగుతున్నారు.

అడుగుతారు, అది వాళ్ల హక్కు. ఎంత అడగవచ్చో కూడా నిబంధన ఉంది: ఏడాది బిల్లు అంచనాలో అయిదో వంతు, లేదా రాబోయే రెండు నెలల బిల్లు అంచనా, వీటిలో ఏది ఎక్కువైతే అంతకు మించకూడదు. 12 నెలలు ఆలస్యం లేకుండా కడితే వడ్డీతో తిరిగివ్వాలి. కొందరు పాస్‌పోర్టుతోనే కనెక్షన్ ఇస్తారు. వెబ్‌సైట్‌లో ఫారం ఒప్పుకోకపోతే ఫోన్ చేయండి.

ప్రీపెయిడ్ ప్లాన్లకు డిపాజిట్, క్రెడిట్ తనిఖీ ఉండవు, కానీ రేటు ఎక్కువ, బ్యాలెన్స్ అయిపోతే కరెంటు తీసేస్తారు. మొదటి ఒకటి రెండు నెలలకు సరే. అలవాటుపడి ఏడాదంతా ఉండిపోయిన కుటుంబాలను చూశాను, వద్దని చెబుతున్నాను.

9. ఎన్ని నెలలకు తీసుకోవాలి?

పన్నెండు నెలలు చాలామందికి సరిపోతుంది. అంతకంటే ముఖ్యం అది ఎప్పుడు ముగుస్తుందన్నది. జూలై, ఆగస్టుల్లో గిరాకీ ఎక్కువ, కొత్త ప్లాన్ల ధరలూ ఆ రోజుల్లో సాధారణంగా మీద ఉంటాయి. ఏప్రిల్‌లోనో అక్టోబరులోనో ముగిసేలా చూసుకోవడం మేలు. ఆగస్టులో దిగినవాళ్లు ముందు చిన్న ప్లాన్ తీసుకుని, శరత్కాలంలో పెద్దదానికి మారవచ్చు.

ఒప్పందం ముగిసే తేదీని క్యాలెండర్‌లో పెట్టుకోండి. కంపెనీ ముందుగా నోటీసులు పంపాలి, పంపుతుంది కూడా. మన మెయిల్‌లో ప్రకటనల మధ్య అవి మునిగిపోతాయి. మీరు ఏమీ చేయకపోతే కరెంటు ఆగదు గానీ నెలనెలా మారే రేటులోకి జారిపోతారు. ముగింపు తేదీకి ముందు 14 రోజుల్లో ఎప్పుడు మారినా క్యాన్సిలేషన్ ఫీజు ఉండదు. ఆ రెండు వారాలే మీకున్న అవకాశం.

10. మధ్యలో ఇల్లు మారితే ఫీజు కట్టాలా?

ఇల్లు ఖాళీ చేస్తున్నారని చూపించి కొత్త చిరునామా ఇస్తే క్యాన్సిలేషన్ ఫీజు వసూలు చేయకూడదు. అదే ఇంట్లో ఉంటూ కంపెనీ మారితే మాత్రం కట్టాలి. కొన్నిచోట్ల మొత్తంగా 150 డాలర్లు, కొన్నిచోట్ల మిగిలిన నెలకు 15, 20 చొప్పున. ఒక్కోసారి ఫీజు కట్టి మారినా లాభమే ఉంటుంది. పైన చెప్పిన 12 నెలల లెక్కే దానికీ వేయండి.

11. గుమ్మం దగ్గరికి, భారతీయ దుకాణాల దగ్గరికి వచ్చి అమ్మేవాళ్లను నమ్మవచ్చా?

వాళ్లు మాట్లాడుతుండగా సంతకం పెట్టకండి, మీ బిల్లు ఫొటో తీసుకోనివ్వకండి. బిల్లు మీది ఈఎస్ఐ నంబరుతో మీ అనుమతి లేకుండా కంపెనీ మార్చిన సంఘటనలు ఉన్నాయి. అది చట్టవిరుద్ధం, కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఫ్యాక్ట్స్ లేబుల్ ఇచ్చి వెళ్లమనండి. ఉన్న ఇంట్లోనే కంపెనీ మారాక మనసు మార్చుకుంటే, ఒప్పందం కాగితాలు అందిన మూడు పనిదినాల్లో ఫీజు లేకుండా రద్దు చేసుకోవచ్చు.

12. కంపెనీ మూతపడితే?

కరెంటు పోదు. ఆఖరి ఆసరాగా కమిషన్ నియమించిన మరో కంపెనీకి మిమ్మల్ని బదిలీ చేస్తారు. అక్కడ రేటు బాగా ఎక్కువ. నోటీసు రాగానే మీకు నచ్చిన ప్లాన్‌కు మారిపోండి, ఆపే ఫీజు ఏదీ ఉండదు.

13. మామగారికి ఆక్సిజన్ మెషీన్ ఉంది. ఏదైనా ముందు జాగ్రత్త?

డాక్టరు సంతకంతో ఒక ఫారం డెలివరీ కంపెనీకి పంపితే క్రిటికల్ కేర్ లేదా క్రానిక్ కండిషన్ కింద నమోదు చేస్తారు. కరెంటు తీసే ముందు అదనపు నోటీసులు ఉంటాయి. తుపాను వచ్చినప్పుడు కరెంటు పోదన్న హామీ మాత్రం అది ఇవ్వదు. బ్యాటరీ గానీ నిండు సిలిండర్ గానీ ఇంట్లో ఉండాల్సిందే.

14. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండే మా చెల్లెలికి ఇదంతా వర్తిస్తుందా?

పూర్తిగా కాదు. న్యూజెర్సీలో కూడా ఎంపిక ఉంది, కానీ ఎంచుకోకపోయినా పీఎస్‌ఈ అండ్ జీ లాంటి స్థానిక యుటిలిటీయే ఏటా వేలంలో తేలిన రేటుకు కరెంటు ఇస్తుంది. కొత్త రేటు జూన్ 1 నుంచి అమలవుతుంది. బయటి కంపెనీ ఆ రేటు కంటే తక్కువకు, అదీ ఒప్పందం పొడవునా ఇస్తేనే మారడంలో అర్థముంది. టెక్సాస్‌లో అలా వెనక నిలబడే రేటు ఏదీ లేదు. మీరు ఎంచుకోవాల్సిందే.

15. ఈ సాయంత్రమే తాళాలు తీసుకోవాలి. ఇంత లెక్క వేసే టైం లేదు.

పవర్ టు చూజ్‌లో జిప్ కోడ్ కొట్టండి. ఫిక్స్‌డ్ మాత్రమే, కనీస వాడకం షరతులు లేనివి మాత్రమే అని ఫిల్టర్ పెట్టండి. పైనున్న మూడు నాలుగు ప్లాన్ల ఫ్యాక్ట్స్ లేబుళ్లు తెరిచి 500, 1,000, 2,000 దగ్గర ధరలు చూడండి. మూడూ దగ్గరగా ఉన్నదాన్ని, క్యాన్సిలేషన్ ఫీజు తక్కువగా ఉన్నదాన్ని, మూడు లేదా ఆరు నెలలకు తీసుకోండి. కొత్త ఇంట్లోకి దిగేటప్పుడు ఆ మూడు రోజుల రద్దు హక్కు వర్తించదు, అందుకే చిన్న ఒప్పందం మంచిది. స్మార్ట్ మీటరు ఉంటే సాధారణంగా ఆ రోజే కరెంటు వచ్చేస్తుంది. వారం తర్వాత స్మార్ట్ మీటర్ టెక్సాస్‌లో ఖాతా తెరవండి. ఆ ఆరు నెలలూ గడిచేసరికి మీ చేతిలో మీ ఇంటి అంకెలే ఉంటాయి.